చప్పిడి పథ్యం

ఏప్రిల్ 8, 1957. సోమవారం

అనంతపురం జిల్లా మెడికల్ ఆఫీసు నుంచి మెమో. జిల్లాలోని డిస్పెన్సరీలన్నిటినీ ఒకే కాగితం మీద వరసగా వేశారు. అరవై దాటినవాళ్ళకు ఏ డాక్టరు ఏ మందు ఎంత రాశాడు — అదీ లెక్క. బ్రోమైడు గడిలో మనదే పైన. దరిదాపుల్లో ఎవరూ లేరు. మన పేరు కింద ఎర్రసిరా గీత. పదిహేను రోజుల్లో కారణం తెలపాలట.

ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ముసలివాళ్ళకు నిద్ర మందు ఎందుకిచ్చావని ఇప్పుడు అడుగుతున్నారు. నిద్ర పట్టక ఇచ్చాను. ఇంకెందుకు ఇస్తారు?

హుసేన్ సాబ్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "ఏమి సార్ దీనికింత ఆలోచన. మనకాడ ముసలోళ్ళు జాస్తి. అట్లే రాసేద్దాం." ఈ కాంపౌండరుకు అన్నీ తేలికే.

ఏప్రిల్ 9

పొద్దున ఏడున్నరకే అరుగు మీద సీసాల వరస. మనుషులు వేపచెట్టు నీడలో, సీసాలు వరసలో. ఆముదం సీసాలు, బ్రాందీ సీసాలు, బిరడాకు బదులు జొన్నదంటు బెండు. ముసలివాళ్ళవైతే సీసాలు మాత్రమే వస్తాయి. కోడలో పక్కింటివాళ్ళో తెచ్చి పెట్టి పోతారు. నేను చీటీ మీద 'రిపీట్' అని గీకుతాను. హుసేన్ సాబ్ పెద్ద జాడీలోంచి వంచి, సీసాకు కాగితం పట్టీ అంటించి, మోతాదుకొక గాటు కత్తిరిస్తాడు. అరగంటలో అరుగు ఖాళీ.

పక్క ఫిర్కా డిస్పెన్సరీలో దేవదానమని కొత్త డాక్టరు. ఎం.బి.బి.ఎస్. ఒక్కో ముసలామెతో పావుగంట కూర్చుంటాడట. మెమోలో అతని బ్రోమైడు గడి దాదాపు ఖాళీ. కూర్చుని ఏం మాట్లాడతాడో... కరువు కబుర్లు కాబోలు.

నా దగ్గర మందు ఒక ఎత్తు, పథ్యం ఒక ఎత్తు. ఉప్పు, పులుపు, కారం — మూడూ బంద్. మందు తాగినన్నాళ్ళూ చప్పిడి గంజి, చప్పిడి సంగటి. 'పథ్యం డాక్టరు' అని ఈ చుట్టుపక్కల పేరు. నా రోగులు నా మాట జవదాటరు. ఆ మాట మెమోలో ఏ గడిలోనూ లేదు.

ఏప్రిల్ 11

అక్క ఇవాళ గడప దగ్గర తూలింది. పట్టుకున్నాను. "నాయనా, ఎప్పుడొచ్చినావు?" అంది నన్ను చూసి. నాయన పోయి ముప్పయ్యేళ్ళు. మాట ముద్దగా వస్తోంది. మొహం మీద పొక్కులు మళ్ళీ లేచాయి, ఎండ వేడి. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కునుకు తీసింది.

అరవై నాలుగేళ్ళకే ఇంత ముసలితనం వచ్చింది. నిరుడు ఈ రోజుల్లో వీధిలో వాళ్ళ తగవులన్నీ ఈమే తీర్చేది. కార్తీకంలో కమల పోయిన రోజు, శవం ఇంట్లో ఉండగానే, అక్క గోడకానుకుని నిద్రపోతూ ఉంది. నాకు కోపం కూడా వచ్చింది. నా భార్య పోతే నాకు చెప్పుకోవడానికి మిగిలింది ఈమె ఒక్కతే. ఈమె కూడా లేనట్టే అయింది.

రాత్రిళ్ళు కలవరిస్తోందని నిద్ర మందు మోతాదు కొంచెం పెంచాను.

ఏప్రిల్ 13. శనివారం

దేవదానం దగ్గరికి వెళ్ళాను. అతని రిజిస్టరు చూసి, నాది పక్కన పెట్టి, అనంతపురానికి గట్టి జవాబు రాద్దామని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని బస్సులో నాకే అనిపించింది. కదిరిలో దిగి నాలుగు మైళ్ళు ఎడ్లబండి. చెరువుల్లో నెర్రెలు. పశువులు కూడా నీడ వదిలి రావడం లేదు.

ముప్పయ్యేళ్ళు ఉంటాయేమో. కుర్చీ ఖాళీ చేసి తను బల్ల మీద కూర్చున్నాడు. "చూడండి సార్, రిజిస్టరే కదా" అని ముందర పెట్టాడు. నాది సంచిలోంచి తీశాను.

నా రిజిస్టర్లో అరవై దాటినవాళ్ళ రోగం గడి: వృద్ధాప్యం. వృద్ధాప్యం. పైదే. పైదే. పైదే.

అతనిది: మూత్రం ఆగడం. రక్తహీనత. గజ్జి. రాత్రి దగ్గు. ఒకచోట — ఆకలి.

"ఆకలి రోగమా?" అన్నాను. నవ్వాననుకుంటాను.

"కాదు సార్. నిద్ర పట్టలేదని వచ్చినాది ఆయమ్మ. ఎందుకు పట్టలేదో అడిగితే అది తేలినాది. మందు రాయలా. గంజి కేంద్రానికి చీటీ రాసిచ్చినా."

"బ్రోమైడు అసలు రాయవా?"

"రాస్తా సార్, అప్పుడప్పుడు. పది రోజులు. ఆ తర్వాత మనిషిని పిలిపించి చూస్తా." నా రిజిస్టరులో ఒక పేజీ తిప్పాడు. "మీకాడ చప్పిడి పథ్యం అంట కదా సార్?"

అవునన్నాను. గర్వంగానే అన్నాను.

"బ్రోమైడు మీద చప్పిడి పథ్యమా... ఎన్ని నెలలు సార్?"

నా రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకున్నాను. అతను కళ్ళు దించుకున్నాడు. తిట్టినా బాగుండేది. మజ్జిగ తెప్పిస్తానన్నాడు, వద్దని లేచాను. పిల్లకాకి, వీడికేం తెలుసు అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 14

చదువుకునే రోజుల పుస్తకం పెట్టె అడుగు నుంచి తీశాను. అంచులు చెదలు తిన్నాయి. ఆ పేజీ మాత్రం బాగానే ఉంది.

ఉప్పు తినేవాడి ఒంట్లోంచి బ్రోమైడు మూత్రంతో కొట్టుకుపోతుంది. ఉప్పు మానినవాడి ఒంట్లో ఇంకిపోయి నిలుస్తుంది. తాగినకొద్దీ పేరుకుంటుంది. అడుగు తూలుతుంది. మాట ముద్దవుతుంది. మతి తప్పుతుంది, ఎదుటి మనిషిని గుర్తుపట్టరు. మొహాన పొక్కులు లేస్తాయి. ముసలివాళ్ళలో మరీ తొందరగా. విరుగుడు — మందు ఆపి ఉప్పు పెట్టడం.

ఆ వాక్యాల కింద పెన్సిలు గీత ఉంది. నా గీతే. పరీక్షలో ఈ ప్రశ్న రాసి మెప్పు కూడా పొందాను.

అంటే... నేను మందిచ్చాను. పథ్యమూ నేనే పెట్టాను. మతి తప్పితే వృద్ధాప్యమని రాశాను. తప్పినకొద్దీ మోతాదు పెంచాను.

అక్క పక్క గదిలో గురక పెడుతోంది. పట్టపగలు పదకొండు గంటలు.

ఏప్రిల్ 15

అక్క మందు ఆపేశాను. గంజిలో ఉప్పు వేసి నా చేత్తో తాగించబోయాను. ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "ఉప్పు తగిలినాది నాయనా... వద్దు. డాక్టరు తిడతాడు."

వంటింట్లోకి పోయి ఏడ్చాను. కమల పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు.

ఏప్రిల్ 16

జాడీలో ఉన్నది పారబోయమని హుసేన్ సాబ్‌కు చెప్పాను. ఎందుకని అడిగాడు. చెప్పాను, మొత్తం. స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మీరు రాసినారు, నేను కలిపినా" అన్నాడు. "జనానికి చెప్పద్దు సార్. చెప్తే రేపట్నించీ జొరమొచ్చినోడు కూడా ఈడికి రాడు. నాటు మందోడి దగ్గరికి పోతాడు. పిల్లోళ్ళు సస్తారు."

అబద్ధం కాదు. అందుకే నాకా మాట అంత తొందరగా నచ్చింది. జాడీలో ఇప్పుడు వాము నీళ్ళు, కొంచెం సోడా. చీటీ మీద మళ్ళీ 'రిపీట్'. వచ్చినవాళ్ళతో ఒక్క మాట మాత్రం అంటున్నాను — మందు మార్చాం, ఇక ఉప్పు తినండి.

ఏప్రిల్ 19

ఎవరూ ఉప్పు తినడం లేదు.

కంబళ్ళు నేసే నాగన్న భార్య ఓబుళమ్మ సీసా తెచ్చింది. ఉప్పు పెట్టమ్మా అన్నాను. నా వైపు అనుమానంగా చూసింది. "ఉప్పు తింటే మందు యాడ పన్జేస్తాది సామీ? మీరే కదా చెప్పింటిరి. పది నెలల్నుంచీ ఒక్క ఉప్పు కల్లు ముట్టలేదు ఆయప్ప."

నాగన్న ఎలా ఉన్నాడని అడిగాను. పది నెలల్లో మొదటిసారి అడిగాను.

"ఏముంది సామీ. మగ్గం గుంతలోకి దిగల్లంటే ఇద్దరం పట్టుకోవల్ల. నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అంటాడు. వయసు కదా."

వయసే కదా అని నేను కూడా అన్నాను. అన్నాను! నోరు దానంతటదే అనేసింది.

ఏప్రిల్ 22

గడువు దగ్గరపడింది. జవాబు రెండు రకాలుగా రాశాను. మొదటిది ఒక పేజీ, నిజం. రెండోది ఆరు లైన్లు — వరసగా వానలు లేనందున ఈ ప్రాంతపు వృద్ధులలో నిద్రలేమి, ఆందోళన హెచ్చుగా ఉన్నందున...

రెండోది టపాలో వేశాను. మొదటిది పొయ్యిలో.

ఏప్రిల్ 23

సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 26

అక్కకు ఉప్పు ఎలా పెట్టాలో దొరికింది. ఊరుబిండి. ఆమెకు ప్రాణం. వేరుశనగలు వేయించి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేసి పక్కింటి వాళ్ళ చేత రోట్లో నూరించాను. వాసనకే కళ్ళు తెరిచింది. సంగటిలో నంజుకుని మూడు ముద్దలు తిన్నది. రెండు చెంబుల నీళ్ళు తాగింది. డాక్టరు తిడతాడని ఈసారి అనలేదు.

ఏప్రిల్ 30

చెయ్యి వణుకు తగ్గింది. పగలు నిద్ర తగ్గింది. గోడ పట్టుకోకుండా పెరట్లోకి పోయి వచ్చింది. మొహాన పొక్కులు ఎండుతున్నాయి.

సంతోషపడాలి. పడుతున్నాను. అక్క ఒక్కో మెట్టు పైకొస్తుంటే, ఎంత లోతులోకి తోశానో కనబడుతోంది... ఆ సంగతి కూడా రాసుకోవాలి కదా.

మే 3

"శీనా."

పొద్దున పళ్ళు తోముకుంటూ ఉంటే వెనకనుంచి. నాయనా అని కాదు. శీనా అని. వేపపుల్ల చేతిలో అలాగే ఉంది, వెనక్కి తిరగడానికి భయమేసింది.

"ఏమిరా అట్ల సిక్కిపోయినావు? తింటాండావా లేదా?"

మే 4

నిన్నంతా పండగలా గడిచింది. ఇవాళ అడిగింది — "కమల యాడికి పోయిందిరా? పొద్దున్నించీ కనపల్లేదే."

చెప్పాల్సి వచ్చింది. కార్తీకంలో పోయిందక్కా. జ్వరం. నువ్వు ఇక్కడే ఉన్నావు.

నమ్మలేదు. నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది. తర్వాత కమల చీర పెట్టెలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని ఇవాళే పోయినట్టు ఏడ్చింది. "నేనుండి కూడా ఏడవలేదా శీనా? నా బిడ్డ మాదిరి చూసుకున్నాది, దాని నోట్లో నీళ్ళు కూడా నేను పొయ్యలేదా?"

లేదు అక్కా. నిద్రపోతున్నావు.

ఆరు నెలల కిందటి దుఃఖం ఆమెకు ఇవ్వకుండా దాచిపెట్టి, ఇప్పుడు మొత్తం ఒక్కసారి ఇచ్చాను. దీనికి ఏ పుస్తకంలో విరుగుడు ఉందో తెలియదు.

మే 6. సోమవారం

అనంతపురం నుంచి జవాబు. వివరణ సంతృప్తికరంగా ఉందట. కరువు పరిస్థితుల దృష్ట్యా బ్రోమైడు సరఫరా పెంచడమైనదట. పెట్టె కూడా మధ్యాహ్నం బస్సులో దిగింది. గడ్డి మధ్య ఆరు పెద్ద సీసాలు, ఒక్కటి కూడా పగలలేదు.

హుసేన్ సాబ్ నవ్వాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. "యాడ పెట్టల్ల సార్?"

అలమర అడుగున. తాళం వేయించాను. ఏదో ఒక పై అధికారి నన్ను నిలబెట్టి కడిగేస్తాడని పదిహేను రోజులుగా భయపడ్డాను. ఇప్పుడు తెలుస్తోంది, అది భయం కాదు. అలా జరగాలని కోరుకున్నాను.

మే 8

దేవదానానికి కార్డు రాద్దామని కూర్చున్నాను. 'మీరన్నది నిజం' అని రాసి, చాలాసేపు చూసి, చింపేశాను. ఇరవై రెండేళ్ళు చిన్నవాడు. ఇంత జరిగినా నాకింకా అదే అడ్డం.

మే 10

అక్క అడిగింది.

చాటలో సజ్జలు చెరుగుతూ, తల ఎత్తకుండా. "శీనా, ఆ మందు నువ్వు మానిపించినాకే కదరా నాకు తెలివొచ్చినాది?"

చెంబు తీసుకుని నీళ్ళకని లేవబోయాను.

"నిన్నే."

అవునక్కా.

"అంటే ఆ మందే నన్నట్ల చేసినాది."

మందు, పథ్యం రెండూ అక్కా. రెండూ కలిసి. నాకు తెలియక... తెలిసి కూడా మర్చిపోయి. నిద్ర పట్టడం లేదని నువ్వన్నావు, నేను ఇచ్చాను.

"నిద్ర పట్టలేదంటే... నేను నీతో మాట్లాడల్లనుకున్నా. చిన్నప్పుడు నువ్వు చదువుకున్నంతసేపు పక్కన కూసోనింటి. నువ్వేమో సీసా ఇచ్చి పోతివి." చాట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎంతమందికి పోసినావురా ఇట్ల?"

మే 11

రిజిస్టరు ఇంటికి తెచ్చాను. అక్కకు చదువు రాదు. నేను చదివాను, ఆమె విన్నది. ఒక్కో పేరు దగ్గరా ఆపి అడిగింది — ఈయమ్మ బతికుండాదా? ఈయప్ప ఎట్లుండాడు? సగం పేర్లకు నాకు జవాబు తెలియదు. సీసాలైతే గుర్తున్నాయి. ఆకుపచ్చది ఫలానా ఆయనది, మెడ విరిగినది ఫలానా ఆమెది. మొహాలు గుర్తు రావడం లేదు.

"వీళ్ళకు చెప్పినావా?"

మందు మార్చాను అక్కా, నెల కావస్తోంది. ఉప్పు తినమన్నాను. ఇప్పుడు ఇస్తున్నది వాము నీళ్ళు, ప్రమాదం లేదు.

"అది అడగలా. చెప్పినావా?"

లేదు.

హుసేన్ సాబ్ మాటే నా మాటగా చెప్పి చూశాను. నమ్మకం పోతే డిస్పెన్సరీకి ఎవరూ రారు, జ్వరాల పిల్లలు... చివరిదాకా విన్నది. "రాకపోతే రాకపోనీ. వాళ్ళ మతి వాళ్ళది కదరా. యాడ పోయిందో వాళ్ళకు తెలియద్దా? నాకు చెప్పినావు కదా, నేను నిన్ను సంపితినా?"

రేపు ఆదివారం. తనూ వస్తానంటోంది. నడవలేవు అక్కా అంటే — "నీ మందు మానినా కదా, నడుస్తా."

మే 12. ఆదివారం

పొద్దున్నే బయల్దేరాం. ముందు కంబళ్ళ వీధి. నాగన్న ఇల్లు. దారిలో ఏం చెప్పాలో నాలుగైదు రకాలుగా కూర్చుకున్నాను. ఓబుళమ్మా, నా వల్ల తప్పు జరిగింది... అలా మొదలుపెట్టాలని.

మగ్గం గుంత మీద చాప కప్పి ఉంది. ఓబుళమ్మ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. బోసి మెడ.

"పోయిన శుక్రవారం సామీ" అంది. "మీకు చెప్పి పంపల్లనుకుంటి. ఎవరూ దొరకలేదు."

నేను నోరు తెరవకముందే ఆమె చెప్పుకుపోయింది. "మీరిచ్చిన కొత్త మందు పడలేదు సామీ. వాము నీళ్ళ మాదిరి ఉండాది. నిద్ర పట్టక రెండు దినాలు పొర్లినాడు. మంచి మందు కదా అని పాతది రెండు సీసాలు దాచి పెట్టింటి, పొదుపుగా. అందులో ఒకటి పోసినా. చప్పిడి పథ్యం కూడా తప్పలేదు సామీ, చివరి దినం దాకా. ఏ బాధా లేదు. నిమ్మళంగా నిద్రలోనే పోయినాడు." వంగి నా కాళ్ళు ముట్టుకోబోయింది. "నీ చెయ్యి సల్లగుండ."

పట్టుకుని లేపాను. చెయ్యి వదలకుండా అలాగే నిలబడ్డాను. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఏప్రిల్ పదహారున చెప్పి ఉంటే... పదిహేడున చెప్పి ఉంటే... ఆ శుక్రవారానికి నాలుగు రోజుల ముందు చెప్పి ఉన్నా.

ఇంకొక సీసా ఉంది కదా, అది ఇవ్వమన్నాను. ఎందుకని అడిగింది.

ఎందుకో చెప్పాను. ఎంత చెప్పానో తెలియదు. మిగతాది అక్క చెప్పింది. ఓబుళమ్మ అరవలేదు. విని, లోపలికి పోయి సీసా తెచ్చి నా చేతికివ్వకుండా గడప మీద పెట్టి, తలుపు వేసుకుంది.

ఎండ ఎక్కింది. వీధిలో ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. వాళ్ళకు వినబడే ఉంటుంది. సీసా తీసుకుని సంచిలో వేసుకున్నాను. ఇంటికి పోదామక్కా అన్నాను. 

అక్క చెంగు తల మీద కప్పుకుంది. "తర్వాత ఎవరి ఇల్లురా?" అంది.